సేపో నెత్తిన పడ్డ నిప్పు

తలుపు తట్టే వీలు లేక ఆవిడ మోచేత్తో నెట్టుకుని లోపలికి వచ్చింది. రెండు చేతులకూ వేళ్ళ కొసల దాకా గుడ్డ కట్లు ఉన్నాయి. ఆవిడ వెనక, అంచు మాడిన పొడుగాటి తెల్ల చొక్కా వేసుకున్న ఎనిమిదేళ్ళ పిల్ల నిలబడి, గదికి ఎన్ని తలుపులున్నాయో చూసుకుంది. గది మూల టీ కలుపుతున్న నో లామూ అది గమనించింది. తప్పించుకోవడం అలవాటైన పిల్లలే కొత్త గదిలోకి రాగానే అలా చూస్తారు.

మౌల్మేన్ పట్నం రేవు వీధిలో చుట్టల దుకాణం పైనున్న ఆ గది ప్రైవేటు డిటెక్టివు సా కేఫోది. ఆయన ఒకప్పుడు కోర్టులో దుబాసీ. ఏళ్ళ తరబడి మూడు భాషల్లో అబద్ధాలు విన్నవాడు గనక ఇప్పుడు ఏ భాషలో చెప్పినా ఇట్టే పట్టేస్తాడని, ఆయన దగ్గర పనిచేసే లామూకు గట్టి నమ్మకం.

"నా పేరు ఎఖూ," అంది ఆవిడ. "దౌనా కొండల్లో లేక్లో ఊళ్ళో మిషన్ బడి నడుపుతాను, ప్రార్థన చెప్తాను. దీని పేరు సేపో. నా ఇంటికి నిప్పు పెట్టింది ఇదేనని ఊరంతా అంటోంది. వచ్చే ఆదివారం దీన్ని వాళ్ళమ్మ ఇంటికి పంపించేస్తారట."

"అమ్మ ఇంటికేగా?" అన్నాడు కేఫో, వక్క బుగ్గన పెట్టుకుంటూ.

ఎఖూ మోచేత్తో పిల్ల చొక్కా చేతిని పైకి జరిపింది. భుజం దాకా చుట్టతో కాల్చిన మచ్చలు.

"వాళ్ళమ్మ సారా కాస్తుంది. తాగడానికొచ్చినవాళ్ళకు పోయడం దీని పని. పోయడం ఆలస్యమైతే ఇదీ. తండ్రి ఇంకో రకం. మెడ కింద ఎముక విరగ్గొట్టాడు. నేనే కోర్టులో సాక్ష్యం చెప్పాను. జైలుకెళ్ళి అక్కడే జ్వరమొచ్చి పోయాడు. అప్పట్నుంచీ పిల్ల నా దగ్గరే ఉంది."

"మరి నిప్పు?"

"ఆదివారం మధ్యాహ్నం అందరం ప్రార్థనలో ఉన్నాం. దీనికి జ్వరం. ఇంట్లో పడుకోబెట్టి వచ్చాను. మంటలు చూసి పరిగెత్తేసరికి, మా ఇంట్లో వడ్లు దంచే రూతు దీన్ని బయటికి లాగేసింది. మంటలార్పబోయి నా చేతులిలా కాలాయి. పిల్ల దీపంతో ఆడుతుంటే ఒరిగిపోయిందని, తను కళ్ళారా చూశానని రూతే చెప్పింది."

"నువ్వేమంటావే బుల్లీ?" అని కేఫో పిల్లను అడిగాడు.

సేపో నేల చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. అంతే.

ఎఖూ ముందుకు వంగింది. "క్షమించమని ఊళ్ళో వాళ్ళకు బోధించే దాన్ని నేను. కానీ మాస్టారూ, ఈసారి నాకు ప్రార్థన రావడం లేదు. కళ్ళు మూసుకుంటే ఒకటే కోరిక. అది చేసిందెవరో నాకు కావాలి. అందరి ముందూ కావాలి."

కేఫో వక్క ఉమ్మేసి లేచాడు. "లామూ, గొడుగు తియ్యి."

లాంచీ మీద నది ఎదురెక్కి, అక్కణ్ణుంచి ఎడ్లబండి మీద కొండెక్కి లేక్లో చేరేసరికి లామూ నడుం విరిగినంత పనైంది. కేఫో మాత్రం బండి దిగుతూనే కాలిన ఇంటి దగ్గరికి వెళ్ళాడు. వాలు మీద గుంజలెత్తి కట్టిన వెదురిల్లు అది. ముందువైపు మనిషెత్తు గుంజలుంటే, వెనకవైపు చూరు గట్టును ఆనుకుని నడుం ఎత్తులోనే ఉండేది. కప్పు పూర్తిగా పోయింది. నీళ్ళు పోసిన పుణ్యాన నేల తడకలు చాలావరకు మిగిలాయి.

"ఏం కనిపిస్తోంది?"

"బూడిద, మాస్టారూ."

"అది ఊళ్ళో కుక్కక్కూడా కనిపిస్తోంది. బూడిద కింద?"

లామూ గోళ్ళతోనే తవ్వింది. పైన అంతా కప్పు ఆకుల మసి. దాని కింద పిల్ల చాప, ఒక మూల ఇంకా పచ్చగానే ఉంది. చాప పక్కన సొట్టపడిన దీపం. దాని కిందున్న తడకలు కాస్త కమిలాయి, అంతే. కేఫో ఇంటి కిందికి దూరి, దీపం ఉన్న చోటికి సరిగ్గా దిగువన మట్టిని వేలితో రాసి వాసన చూశాడు. లామూనూ చూడమన్నాడు. ఉత్త మట్టి వాసన. వెనక గట్టు దగ్గర మాత్రం గడ్డిలో గుగ్గిలం ముద్ద ఒకటి, కరిగి గడ్డకట్టినది, ఆయన రుమాల్లోకి వెళ్ళింది.

గ్రామపెద్ద సా తేబో గొంతు వినపడేలోపే ఆయన పొట్ట వచ్చింది. ఆయనే చర్చికీ పెద్ద.

"అయ్యా పట్నం బాబూ, ఎందుకీ తిప్పలు? పాముపిల్లను ఒళ్ళో పెట్టుకుంటే కాటెయ్యక ముద్దు పెట్టుకుంటుందా? తాగుబోతు ఇంట పుట్టింది. దీన్ని ఉంచుకుంటే రేపు చర్చి అంటుకుంటుంది."

"నిప్పు సంగతి చెప్పండి."

"చెప్పడానికేముంది, రూతు లేకపోతే పిల్ల బూడిదే. ఊట దగ్గర నీళ్ళు పడుతూ పొగ చూసిందట. నీళ్ళు నింపిన వెదురు గొట్టాల బుట్ట వీపున వేసుకుని, పట్టీ నుదుటికి తగిలించుకుని మేకలా ఎక్కేసింది! ముందు పిల్లను లాగింది, తర్వాత నీళ్ళు కొట్టింది. మాలో మగాళ్ళకే అంత ఊపిరి లేదు."

"బాగా ఎక్కిందన్నమాట," అన్నాడు కేఫో.

అదే సమయానికి రూతు వచ్చింది. నలభై దాటిన మనిషి. తలగుడ్డ కనుబొమల దాకా లాగి కట్టుకుంది. భుజం మీద కావడి, రెండు వైపులా నీళ్ళ కుండలు. నడుస్తుంటే నీళ్ళు రెండు వైపులా ఒలుకుతున్నాయి.

"ఏ ఊరమ్మా నీది?" కేఫో పలకరించాడు.

"బసీను వైపండీ, డెల్టా. మా ఆయన పోయాక పనికోసం ఇటొచ్చాను. ఏడాదైంది."

"అరె, నేనూ డెల్టావాణ్ణే! దీపం ఒరగడం నువ్వు చూశావా?"

"ఈ కళ్ళతో. దాని చాప పక్కనే. పాపం పసిది, తెలిసి చేసిందా ఏంటి? ఎవరింటి పిల్ల వాళ్ళింట్లో ఉంటేనే అందం." అంటూ తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది.

ఆమె వెళ్ళాక కేఫో, వాకిట్లో ఉన్న నీళ్ళ బుట్ట చూపించి లామూను ఎత్తుకోమన్నాడు. లామూ కొండవాళ్ళలాగే పట్టీ నుదుటికి వేసుకుని లేవబోయింది. మెడ పటుక్కుమంది. బుట్టతో సహా వెనక్కి వెల్లకిలా పడి నీళ్ళలో తడిసింది. వడ్లు ఎండబోస్తున్న ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"పట్నం మెడకు పూసల దండే బరువే అమ్మీ!" అంది ఒకావిడ. "మేం పాలు మానిన నాటి నుంచీ మోస్తాం. నీకు ఈ జన్మకి రాదులే!"

కేఫో కూడా నవ్వాడు. లామూకు కోపం వచ్చింది గానీ, తనను ఊరికే పడెయ్యలేదని మాత్రం అర్థమైంది.

సేపో తల్లి నో థాలే ఇల్లు ఊరికి అవతల, వాగు ఒడ్డున ఉంది. సారా కుండ కింద మంట ఎగదోస్తూ ఆమె వాళ్ళకు పీట కూడా వెయ్యలేదు. మూల కూర్చున్న ఇద్దరు మగాళ్ళు లామూను పైనుంచి కిందిదాకా చూశారు. లామూ గొడుగు అడ్డం పెట్టుకుంది.

"టీచరమ్మ ఇల్లు కాలిందా? ఒళ్ళు కాలి ఉంటే పంది కోసి ఊరందరికీ పెట్టేదాన్ని," అంది థాలే. "నా మొగుణ్ణి జైల్లో చంపించింది. నా పిల్లను ఎత్తుకుపోయింది. ఏడాదిగా ఆ గడప తొక్కలేదు, తొక్కితే దాన్ని తొక్కుతాను."

"నువ్వే కాల్చావంటే?"

"కాలిస్తే చాటింపు వేసుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం ఇక్కడ కుండ పొయ్యి మీదుంది. వీళ్ళనడుగు. కదిలితే సారా మాడుతుంది."

"నీ భర్త వైపు వాళ్ళెవరైనా?"

"ఒక్కత్తే అక్క. పై కొండలో ఉంటుంది, నా పిల్లక్కూడా ఆమె మొహం తెలీదు. ఆయన పోయాక వచ్చి, నా తమ్ముణ్ణి కాపాడుకోలేని ఆడదానివి అని నా మొహాన ఉమ్మేసి వెళ్ళింది. మళ్ళీ కనపళ్ళేదు. పీడా పోయింది."

"ఆదివారం చర్చికి రా. నీ పిల్లను ఎవరికివ్వాలో తేలుస్తారు."

"ఆ గుంపులో కూర్చోడానికి నాకేం పట్టింది?"

"నీ మొగుడి పేరు ఎత్తుతాను," అన్నాడు కేఫో. థాలే చేతిలో కట్టె ఆగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరూ లేవలేదు. కేఫో మధ్యలో నిలబడ్డాడు. ఎఖూ పక్కన సేపో కూర్చుంది. రూతు ఆడవాళ్ళ వరసలో ముందే ఉంది, పిల్లను కాపాడిన మనిషి గనక.

"దీపం ఒరిగితే నూనె ఎటు పోతుంది?" అని మొదలుపెట్టాడు కేఫో. "తడకల సందుల్లోంచి కిందికి కారుతుంది. మంట ముందు నేలను తింటుంది, తర్వాత కప్పుకెక్కుతుంది. ఇక్కడ నేల మిగిలింది, కప్పు పోయింది. దీపం కింద మట్టిలో నూనె వాసనే లేదు. నిప్పు పుట్టింది పైన. వెనక గట్టు మీద నిలబడి చూరులో గుగ్గిలం కాగడా దోపితే చాలు. జ్వరంతో చాప మీదున్న పిల్ల అది చెయ్యలేదు."

"మరి రూతు చూశానంది కదా?" అన్నాడు తేబో.

"అవును. జరగనిదాన్ని చూసింది, అదీ ఊట దగ్గర నీళ్ళు పడుతూ. మిట్టమధ్యాహ్నం పిల్ల దీపం ఎందుకు వెలిగించిందో కూడా మనలో ఎవరం అడగలేదు."

జనంలో కలకలం రేగింది. రూతు లేచి నిలబడింది. "పొగలో సరిగ్గా కనబడలేదేమో! పిల్లను మోసుకొచ్చినందుకు నాకిదా బహుమానం?"

"నీ మోతే నిన్ను పట్టించిందమ్మా. నేను డెల్టాలో పుట్టాను. మా ఆడవాళ్ళు కావడి మోస్తే చుక్క ఒలకదు. నువ్వు అడుగడుక్కీ ఒలకబోస్తావు. నుదుటి పట్టీతో బరువు ఎత్తబోతే మావాళ్ళ మెడ విరుగుతుంది, మొన్న లామూ సంగతి అందరూ చూశారు. నువ్వేమో నీళ్ళ బుట్టతో మేకలా కొండెక్కావు. ఇక్కడి వాళ్ళకు అది వింతగా తోచలేదు, ఎందుకంటే ఇక్కడ ఆడవాళ్ళందరూ అలాగే ఎక్కుతారు. ఏడాదంతా జాగ్రత్తగా కావడి మోశావు. మంట నువ్వనుకున్న దానికన్నా వేగంగా పాకేసరికి కంగారులో నీ అలవాటు బయటపడింది. పిల్ల చావకూడదు నీకు. నింద మొయ్యడానికి బతికుండాలి."

"నేను కొండదాన్నే అనుకో. అయితే? నాకు టీచరమ్మతో పగేంటి?"

కేఫో తలుపు వైపు చూశాడు. లామూ తలుపు తీసింది. థాలే లోపలికి వచ్చి, తిట్టడానికే నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

"ముక్వీ వదినా! నువ్విక్కడేం చేస్తున్నావే?"

రూతు కాదు, ముక్వీ అట ఆమె అసలు పేరు. ఆమె తలగుడ్డ లాగి పారేసింది. నుదుటి మీద చిన్ననాటి నుంచీ పట్టీ ఒరిసిన గాడి నున్నగా మెరిసింది.

"అవును, నేనే. నా తమ్ముడు ఆ జైలు నేల మీద నీళ్ళు కూడా అందక పోయాడు. ఈ టీచరమ్మ ఏ పిల్ల కోసం వాణ్ణి జైలుకు పంపిందో, ఆ పిల్లను తన చేత్తోనే తిరిగి ఆ ఇంట్లోకి తోసెయ్యాలి. అది చూడాలి నేను. ఇల్లు కాలడం నాకేం లెక్క కాదు."

"అది నీ మేనకోడలే!" అన్నాడు తేబో, నమ్మలేనట్టు.

"తమ్ముడి బిడ్డే. మా అమ్మ పొయ్యి దగ్గర తినాల్సిన బిడ్డ కాదు. దాని పితరులు దాని తల్లి వైపున్నారు. వాళ్ళు చూసుకోవాలి, నేనెందుకు చూసుకుంటా?" కొండ ముసలివాళ్ళు ఒకరిద్దరు తలలు దించుకున్నారు. తల్లి పేగు వైపే వంశం నడిచే, ఆ వంశంవాళ్ళే పితరుల కూడు కలిసి తినే చోట ఆ మాటకు ఎదురు చెప్పడం వాళ్ళకు కష్టమే.

ముక్వీ ఎఖూ ముందుకొచ్చి వెటకారంగా మోకాళ్ళ మీద కూర్చుంది. "క్షమించు టీచరమ్మా. ప్రతి ఆదివారం నువ్వు చెప్పే కబురు అదేగా!"

ఎఖూ తన కట్ల వైపు చూసుకుంది.

"నా ఇల్లూ నా చేతులూ, ఆ మేరకు క్షమించాను. నోటితోనే. మనసుకు ఇంకా టైము పడుతుంది. దీని మీద వేసిన నింద నాది కాదు, క్షమించడానికి. దీన్నే అడుగు."

అందరూ సేపో వైపు తిరిగారు. మౌల్మేన్‌లో కలిసిన నాటి నుంచి ఆ పిల్ల గొంతు లామూ వినలేదు. చిన్నగా, బొంగురుగా ఉంది.

"ఆమెను జైలుకి పంపొద్దు."

"చూశారా!" తేబో కళ్ళు తుడుచుకున్నాడు. "పసిమనసంటే అదీ. దేవుడే పలికించాడు."

"మా అమ్మ ఇంటికి పంపండి," అంది సేపో. "నా చాప ఇంకోటి అక్కడుంది. పొద్దుగూకితే వాళ్ళొస్తారు. నా బదులు ఆమే పోస్తుంది."

థాలే మొహం తిప్పేసుకుంది. ముక్వీ మోకాళ్ళ మీదే గ్రామపెద్ద కాళ్ళ వైపు జరిగింది. ఆమె గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

"అయ్యా, జైలుకే పంపండి. ఆ ఇంటికొద్దు. ఎన్నేళ్ళైనా ఉంటాను. ఆ ఇంటికొద్దు, నీ కాళ్ళు మొక్కుతాను."

"ఎందుకమ్మా, ఎవరింటి మనిషి వాళ్ళింట్లో ఉంటే అందమేగా," అన్నాడు కేఫో నెమ్మదిగా. తర్వాత తేబో వైపు తిరిగాడు. "ఈ ఊళ్ళో ఆ ఇల్లెలాంటిదో ఈమెకు ఒక్కదానికే తెలుసా, పెద్దయ్యా? మీకెవ్వరికీ తెలీదా?"

తేబో వెనక మగాళ్ళ వరసలో ఇద్దరు లేచి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా, పక్క తలుపు లోంచి బయటికి జారుకున్నారు. సేపో మచ్చలున్న తన చేతిని పట్టుకుని, వాళ్ళు వెళ్ళేదాకా చూసింది. లామూ కూడా చూసి, ఆ రెండు పేర్లూ ఎవరినడిగితే చెప్తారో అని గొడుగు పట్టుకుని కదిలింది.