ఎండలో పెట్టిన ట్యూబ్

"రిపోర్ట్ వచ్చేసింది! ఆక్సిడైజ్డ్ లిపిడ్స్ చాలా తక్కువ. మీ బాస్ స్టెంట్ భేషుగ్గా ఉంది. నిశ్చింతగా విమానం ఎక్కేయమను."

ల్యాబ్ తలుపు తోసుకుని కాగితం ఊపుతూ వచ్చింది భార్య. వెయిటింగ్ రూమ్‌లో ఉన్న ఆమె భర్త, ఏజెంట్ 'నీడ' చూపు ఆమె మెడలోని గొలుసు మీద ఆగింది.

పెళ్లయి ఇంకా నెల కాలేదు. ఓ ఉదయం కాఫీ కలుపుతూ ఆమే చెప్పింది. "స్టెంట్ వేసిన చోట మళ్లీ పూడుకుంటోందనుకో, రక్తంలో కొవ్వుకి తుప్పు పడుతుంది. ఆ తుప్పే మాకు ముందస్తు కబురు. కానీ శాంపిల్‌ని ఐస్‌లో పెట్టకపోతే ట్యూబ్‌లోనే తుప్పు పట్టి లెక్క పెరిగిపోతుంది బాబూ!"

ఆ ల్యాబ్‌లో విదేశీ ముఠా మనిషి ఉన్నట్టు హెడ్‌క్వార్టర్స్‌కి కబురందింది. ముఠా ప్లాన్‌లో తుపాకీ లేదు. బాస్ రక్తనాళం పూడుకుంటున్న సంగతి దాచిపెట్టి, గాలి పల్చబడే కొండల మీద సమావేశానికి పంపిస్తే చాలు. మిగతాది గుండే చూసుకుంటుంది.

అందుకే నీడ మీసం అతికించుకుని, కొరియర్ వేషంలో, కారులో పొద్దంతా ఎండబెట్టిన బాస్ రక్తాన్ని ల్యాబ్ కౌంటర్లో ఇచ్చి వచ్చాడు. లెక్క ఆకాశాన్నంటాలి. తక్కువొచ్చిందంటే మెషీన్‌లోకి వెళ్లింది ఇంకెవరి రక్తమో. శాంపిల్ ఫ్రీజర్ తాళంచెవి ఒక్కటే. అది ఆమె మెడలో గొలుసుకి వేలాడుతోంది.

చొక్కా గుండీ నొక్కాడు. అందులోని ట్రాన్స్‌మిటర్ కీచుమంది.

"సార్, గొడుగు తెచ్చుకున్నారా?"

ఆగిపొమ్మని కోడ్.

"విమానం ఆఖరి మెట్టు మీదున్నానయ్యా!" బాస్ ఆయాసపడుతున్నాడు.

"దిగొచ్చేయండి. నెమ్మదిగా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "పెళ్లాం కోసం వల పన్నావా?"

"నువ్వు కాకూడదని పన్నాను. పొద్దుటి నుంచీ అదే కోరుకుంటున్నాను."

"మొదట్లో ఈ పెళ్లి డ్యూటీయే," అందామె, కళ్లు తుడుచుకోకుండా. "కాఫీ మాత్రం డ్యూటీ కాదు."

బయట డిపార్ట్‌మెంట్ వాళ్ల బూట్ల చప్పుడు దగ్గరపడింది. ఆమె గొలుసు తీసి అతని చేతిలో పెట్టింది. తాళంచెవి ఇంకా వెచ్చగానే ఉంది.

గుండీలోంచి బాస్ గొంతు వినిపించింది. "రేపు పొద్దున్నే నాకు యాంజియో. మరి ఆవిడ విచారణ ఎవరికి అప్పగించమంటావ్?"

"నేనే చేస్తాను సార్, రేపే. ఆవిడ కాఫీలో చక్కెర ఎంతో డిపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ తెలీదు."