ఎపిదావ్రోస్‌లో మోగని ఫోన్

“నీకు సెలవు మంజూరు చేశాను,” అన్నాడు కర్నల్ అవెరినోస్.

పనాయోటిస్ సెర్గిదిస్‌కి వెంటనే అనుమానం వచ్చింది. పన్నెండేళ్ళ సర్వీసులో అడిగిన సెలవు ఒక్కటీ ఇవ్వలేదు ఈయన. అడక్కుండా ఇచ్చాడంటే ఎవరో ఒకరి ప్రాణం మీదికి వచ్చిందన్నమాట.

“ఎవరు సార్?”

“డాక్టర్ థియోక్లిస్ వామ్వాకాస్. మన నౌకాదళం కొత్త కోడ్ తయారుచేసింది ఆయనే. దాని తాళం కాగితం మీద లేదు, కంప్యూటర్‌లో లేదు. ఆయన బుర్రలో ఉంది. వచ్చే నెల దాకా ఆ బుర్ర ఆయన భుజాల మీదే ఉండాలి.”

“ఇంట్లో కూర్చోబెట్టి బయట గడియ పెట్టండి.”

“వింటేగా! భార్య మరియా పోయి ఆరేళ్ళయింది. ఏటా ఆగస్టు పదిహేనున, ఆవిడ పేరు పండగ నాడు, ఎపిదావ్రోస్‌లోని ప్రాచీన రాతి నాటకశాలకి వెళ్ళి మధ్య రాయి మీద నిలబడి ఆవిడతో మాట్లాడుకుంటాడు. వెళ్ళనివ్వకపోతే కోడ్ మర్చిపోతానన్నాడు. ముఠాకీ సంగతి తెలిసింది. కొత్త కోడ్ నడవకూడదు, డాక్టర్ బతక్కూడదు. అదీ వాళ్ళ ప్లాన్.”

ముఠా అంటే విదేశీ ముఠా. ఫైళ్ళలో దాని పేరు ‘అద్దాల కొట్టు’. మేలో పాత్రాస్ రేవులో పనాయోటిస్ కాపలా కాస్తున్న సాక్షిని ఆ ముఠాయే చంపింది. కాఫీ తెచ్చిన వెయిటర్ నవ్వు బాగుందని నమ్మాడు పనాయోటిస్. సాక్షి కప్పు కింద పెట్టలేదు, తనే కింద పడ్డాడు. ఆనాటి నుంచి పనాయోటిస్ ఎవరు నవ్వినా జేబులో పిస్తోలు మీద చెయ్యి పెట్టుకుంటున్నాడు.

“రేపు నువ్వు మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్ నికోస్‌వి. అమ్మతో కలిసి పాత రాళ్ళు చూడటానికి వచ్చావు. అమ్మ వేషం స్టమాతియాది. బస్సులో గైడ్ కూడా మన మనిషే, దేస్పినా లాస్కరి. నెల క్రితం పై దేశపు శాఖ నుంచి బదిలీ మీద వచ్చింది. ఆ పేరు నీ దగ్గరే ఉండాలి. స్టమాతియాకి కూడా చెప్పొద్దు.” కర్నల్ లేచి చెయ్యి చాపాడు. “అన్నట్టు, రేపు నీ పేరు పండగ కూడా కదయ్యా. నిండు నూరేళ్ళు! నికోస్‌వి కాబట్టి మాకు స్వీట్లు ఎగ్గొట్టావులే.”

మరునాడు పొద్దున ఏడింటికే పనాయోటిస్ చొక్కా జేబులో ఫోన్ వణకడం మొదలుపెట్టింది. అమ్మ. తర్వాత మేనత్త. తర్వాత జ్ఞానస్నానం చేయించిన తల్లి. దేవమాత మరియా పండగ మరి! ఆ తల్లికున్న పేర్లలో ఏది పెట్టుకున్నవాళ్ళకైనా అదే పేరు పండగ, ఆ రోజంతా ఫోన్లే ఫోన్లు. పండగ ఎవరిదైతే వాళ్ళే ఎదురు వచ్చినవాడికల్లా నోరు తీపి చెయ్యాలి. ఫోన్ కట్టేస్తే అమ్మ పోలీసులకి ఫిర్యాదు చేస్తుందని, మోత ఆపి జేబులోనే ఉంచాడు.

“ఒరేయ్ నికోస్, ఆ టోపీ పెట్టుకో. బట్టతల కాలిపోతుంది,” అంది పక్కసీట్లో స్టమాతియా. ముప్ఫై ఏళ్ళు కోడ్ విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషి. తల్లి వేషంలో మాత్రం నిన్నే చేరినట్టు హుషారుగా ఉంది.

“నాకు బట్టతల లేదమ్మా.”

“వస్తుందిలే. మీ నాన్నకీ ఇలాగే వచ్చింది.”

పనాయోటిస్ పళ్ళు కొరుక్కుంటూ బస్సంతా పరికించాడు. ముందు సీట్లో డాక్టర్. నీలం కోటు, ఒళ్ళో తులసి కొమ్మ. వెనక ఒక డచ్ పెద్దమనిషి, చేతిలో పొడుగాటి నల్ల గొడుగు. మే నెల తర్వాత చుక్క వాన పడని చోట గొడుగు ఎందుకు? మిగతావాళ్ళు కెమెరాలు మెడలో వేసుకున్న విదేశీయులు. కెమెరాలన్నీ కెమెరాలేనా?

డ్రైవర్ పేరు మారియోస్. అతని ఫోన్‌కి ఊపిరి ఆడటం లేదు. “ఆఁ పెద్దమ్మా, థాంక్స్! నిండు నూరేళ్ళు నీకూ! డ్రైవింగ్‌లో ఉన్నా!” అని అరుస్తూనే ఒంటిచేత్తో బాదం లడ్డూల పెట్టె వెనక్కి పంపాడు. గైడ్ ఒకటి తీసుకుని ముద్దుగా కొరికింది. తెల్ల గౌను, నల్ల కళ్ళద్దాలు, సన్నటి నడుము. మైకులో తన పేరు డైసీ అని చెప్పింది. ఆవిడ ఫోన్ డ్రైవర్ ముందున్న అద్దం దగ్గర బోర్లా కాకుండా వెల్లకిలా పడుకుని ఉంది.

కొరింథ్ కాలువ దగ్గర బస్సు ఆగినప్పుడు పనాయోటిస్ ఆవిడ పక్కకి చేరాడు.

“ఈ రాళ్ళ దేశంలో నీడ ఎక్కడ దొరుకుతుందండీ?”

“నీడ కావాలంటే సముద్రంలో దిగాలి,” అంది. కోడ్ అక్షరం పొల్లుపోలేదు. కళ్ళద్దాలు కొంచెం దించి గుసగుసగా అంది, “ఆ గొడుగు చూశారా? కొన సూదిలా ఉంది. అతను నాటకశాల పై వరుసకి ఎక్కుతానని డ్రైవర్‌తో చెప్పాడు. పైనుంచి గురి బాగా కుదురుతుంది. మీరు పైకి వెళ్ళండి. కింద డాక్టర్‌ని నేను చూసుకుంటాను.”

మాట సబబుగానే ఉంది. పైగా కర్నల్ ముద్ర వేసి పంపిన మనిషి. పనాయోటిస్ ఆ రోజు బస్సులో అనుమానించని ఒకే ఒక్క మనిషి ఆవిడ. లడ్డూ ఇచ్చిన డ్రైవర్ని కూడా వదల్లేదు మరి.

మధ్యాహ్నం పన్నెండయింది. పండగ సెలవు కాబట్టి నాటకశాల నిండా జనం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చాయి. పైన్ చెట్లలో కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. పనాయోటిస్ యాభై అయిదు వరుసలూ ఎక్కి, చెమటలు కక్కుకుంటూ డచ్ ఆయనకి రెండు చేతుల దూరంలో కూర్చున్నాడు. దిష్టి తగలకుండా మెడలో వేసుకున్న నీలం పూసలో మైకు ఉంది. స్టమాతియా పూసకి మాట వెళ్ళాలి. నొక్కాడు. చప్పుడు లేదు. ఎండకి చచ్చింది. టెక్నికల్ విభాగం వాళ్ళని మనసులోనే తిట్టుకున్నాడు.

డచ్ ఆయన గొడుగు ఎత్తాడు. పనాయోటిస్ చెయ్యి పిస్తోలు మీదికి వెళ్ళింది.

గొడుగు తెరుచుకుంది. ఆయన దాని నీడలో కూర్చుని కోడిగుడ్డు ఒలుచుకోవడం మొదలుపెట్టాడు. గొడుగు ఎండకి. అంతే. పనాయోటిస్‌కి సిగ్గేసింది, ఆ వెంటనే భయం వేసింది. మరి హంతకుడు ఎవరు?

కింద గుండ్రటి బయలు మధ్యలో ఉన్న రాయి మీద డాక్టర్ నిలబడ్డాడు. పక్కనే గైడ్. ముందు వరుసలో విసనకర్రతో స్టమాతియా. ఆ రాయి మీద గుసగుసలాడినా పై వరుసకి పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. జేబులో ఫోన్ మళ్ళీ వణికింది. చూసుకోలేదు.

“ఎండకి మొహం వాడిపోయింది డాక్టర్ గారూ. ముందు మంచినీళ్ళు తాగండి,” అంది గైడ్, సంచిలోంచి చల్లటి సీసా తీసి ఇస్తూ.

“మా తల్లే! డైసీ అంటే నాకు నోరు తిరగదు. నీ అసలు పేరేమిటమ్మా?”

“దేస్పినా.”

“అయ్యో, ముందే చెప్పవేం! నిండు నూరేళ్ళు తల్లీ, నిండు నూరేళ్ళు!”

ఆవిడ ముచ్చటగా నవ్వింది. “నా పుట్టినరోజు నవంబర్లో, డాక్టర్ గారూ.”

పై వరుసలో పనాయోటిస్ చటుక్కున ముందుకి వంగాడు. పుట్టినరోజు గోల ఎవరిక్కావాలి? దేస్పినా కూడా దేవమాత పేరే! ఈ రోజు దేశంలో ఉన్న ప్రతి దేస్పినాకీ పండగే. ఈ దేశంలోనే, వోలోస్‌లో పుట్టానని కాగితాల్లో రాసుకున్న పిల్లకి తన పేరు పండగ తెలీదా? అద్దం దగ్గర పడున్న ఆ ఫోన్ కళ్ళముందు మెదిలింది. తన ఫోన్ ఇరవైసార్లు వణికింది, మారియోస్‌ది ఊపిరాడకుండా మోగింది. ఆవిడది పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా మోగలేదు.

డాక్టర్ సీసా మూత తీశాడు.

పరిగెత్తినా డాక్టర్ అందడు. పిస్తోలు పేలిస్తే ఇంతమంది పిల్లాపాపల మధ్య ఎవరికి తగులుతుందో. తాగొద్దని అరిస్తే ఆవిడ సంచిలో ఇంకేముందో. పాత్రాస్ కప్పు గుర్తొచ్చింది. పనాయోటిస్ లేచి, ఊపిరంతా బిగబట్టి కేక పెట్టాడు.

“చూడండర్రా! మన గైడ్ పేరు దేస్పినా! పండగ పూట ఎవరికీ చెప్పకుండా దాచుకుంది! స్వీట్లు ఎగ్గొట్టడానికే!”

నాటకశాల మొత్తం ఘొల్లుమంది.

“నిండు నూరేళ్ళు దేస్పినా!” అని ఒక వైపు. “పట్టుకోండి పిసినారిని!” అని ఇంకో వైపు. ముందు వరుసల జనం లేచి బయలు మీదికి దూకారు. నేనూ పనాయోటానే అంటూ ఒక లావుపాటి ఆవిడ అందరికంటే ముందు చేరి, సీసా పెదవికి ఆనించిన డాక్టర్ వీపు మీద ఒక్కటిచ్చింది. “నాన్నగారా మీరు? కూతుర్ని ఇలాగేనా పెంచడం?” సీసా ఎగిరి రాయి మీద పడి భళ్ళున పగిలింది.

గైడ్ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. లిప్‌స్టిక్ గొట్టం బయటికి వచ్చింది. దాని మూతి డాక్టర్ వైపు తిరిగింది.

స్టమాతియాకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు కోడ్‌లు విప్పిన బుర్రకి చెప్పక్కర్లేదు. “ఓసి నా బంగారూ!” అంటూ ఆవిణ్ణి కావలించుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. మూడో ముద్దుకి బదులు ఉక్కు చువ్వల విసనకర్ర ఆవిడ మణికట్టు మీద టక్కున పడింది. లిప్‌స్టిక్ నేల మీద దొర్లి పేలింది. గుండు ఆకాశంలోకి పోయింది. జనం దాన్ని పండగ టపాకాయ అనుకుని చప్పట్లు కొట్టారు.

ఒలికిన నీళ్ళ మీద ఒక కందిరీగ వాలింది. మళ్ళీ లేవలేదు.

కాపలా మనిషి విజిల్ ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు. “ఎవరండీ రాయి మీద నీళ్ళు పోసింది? చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, సిగ్గులేదూ!”

పది నిమిషాల తర్వాత, ఐస్‌క్రీమ్ వ్యాన్ వేషంలో ఉన్న తమ గూఢచారి సంస్థ వ్యాన్ వెనక బేడీలతో నిలబడి ఆవిడ అడిగింది, “నా భాషలో తప్పుందా? కాగితాల్లోనా?”

“అన్నీ బ్రహ్మాండం,” అన్నాడు పనాయోటిస్. “కానీ పొద్దుటి నుంచి నీకు ఒక్క ఫోన్ రాలేదు. దిక్కూమొక్కూ లేని దేస్పినాకి కూడా ఈ రోజు కనీసం మంగలివాడైనా చేస్తాడు.”

“క్యాలెండర్ ఎవరూ చూపించలేదు,” అంది ఆవిడ విసుగ్గా. తిట్టుకుంటున్నది తనని కాదు, తనకి తర్ఫీదు ఇచ్చినవాళ్ళని.

పనాయోటిస్ తిరిగి వచ్చేసరికి బయలు మీద డాక్టర్ ఒక్కడే ఉన్నాడు. రాయి తుడిచారు. జనం ఎందుకో వాళ్ళంతట వాళ్ళే నిశ్శబ్దమయ్యారు. ఆయన తులసి కొమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

“మరియా, ఈ ఏడు కూడా వచ్చాను,” అన్నాడు. “కాస్త ఆలస్యమయింది, కోప్పడకు.”

ఆ మాట యాభై అయిదు వరుసలకీ వినిపించింది. పనాయోటిస్‌కి కళ్ళు మండాయి. పాత్రాస్ సాక్షి ఇక తిరిగి రాడు. కానీ ఈయన వచ్చే ఏడు కూడా వస్తాడు. మూడు నెలల తర్వాత మొదటిసారి జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు.

ఫోన్ వణికింది. ఎత్తాడు.

“ఎక్కడ చచ్చావురా పొద్దుటి నుంచి?” అమ్మ. “పండగ పూట కూడా తల్లితో మాట్లాడవా?”

“సెలవులో ఉన్నానమ్మా. పాత రాళ్ళు చూస్తున్నాను.”

“నువ్వా? సెలవులోనా?” అమ్మ గొంతులో అనుమానం పొంగింది. “నిజం చెప్పు. ఎవరా పిల్ల?”

“దేస్పినా అని. కానీ కుదర్లేదు.”

“ఏం, నీలో ఏం తక్కువట?”

“నాలో కాదమ్మా. ఈ రోజు ఎవరికీ ఒక్క స్వీటు కూడా పెట్టలేదు.”



“అయితే వదిలెయ్ నాయనా,” అంది అమ్మ. “అలాంటివాళ్ళని పోలీసులకి పట్టివ్వాలి.”