ఆకుల ఏనుగు కడుపులో

స్టెల్లా పరిగెడుతోంది.

కుడి తొడ మీద జానెడు గాటు. చీర రక్తంతో తడిసి కాలికి చుట్టుకుంటోంది. అయినా ఆగడం లేదు... ఆగితే రెండో వేటు మెడ మీదే!

"యాడికి పోతావే? గేటుకు తాళమేసినా!"

వెనకాల వేటకొడవలితో వాడు. సాయంత్రం టికెట్ కొనుక్కుని దర్జాగా లోపలికొచ్చాడు. ఆకుల బొమ్మల ముందు సెల్ఫీలు కూడా దిగాడు. ఆరున్నరకి జనమంతా వెళ్లిపోయారు. వీడు మాత్రం వెళ్లలేదు!

"ఈ గిరిప్రసాద్ దెబ్బకు పడినోడు ఇంతవరకూ లేసింది లేదు! తుపాకీ యాడ దాచినావో సెప్పు. సెప్తే ఒక్క ఏటుతో పోతావు. సెప్పకుంటే ముక్కలు ముక్కలే!"

తుపాకీ!

అది దొరికిందని వీడికెలా తెలుసు? ఆ సంగతి స్టెల్లా సూపర్‌వైజర్ భానన్నకు ఒక్కడికే ఫోన్లో చెప్పింది. పక్కన ఎవడో విన్నాడు... అన్నను ఏం చేశాడో ఏమో!

తిరుపతి కొండ కింద ఉన్న ఈ తోటకు జనం వచ్చేదే ఆకుల బొమ్మల కోసం. ఇనప చట్రం కట్టి, కొబ్బరిపీచూ మట్టీ కూరి, పైనంతా ఎర్రవీ పచ్చవీ చిట్టి మొక్కలు నాటుతారు. లోపల సన్నటి డ్రిప్పు పైపులు. ఏనుగు, నెమలి, జింకల జంట... వారం వారం వాటికి క్షవరం చేసేది స్టెల్లానే.

రాత్రిళ్ళు కాపలా కాసింది వాళ్ళ నాయన పాల్. మూడు వారాల కిందట నెమలి పక్కనే ఎవడో కాల్చి చంపాడు. తుపాకీ దొరకలేదు. చంపిందెవడో తేలలేదు.

ఇవాళ పొద్దున తుపాకీ దొరికింది!

నెమలి రొమ్ము మీద అరచేతి మేర ఆకులు ఎండిపోయాయి. చుట్టూ పచ్చగా ఉంటే ఇక్కడికేం రోగమొచ్చిందని స్టెల్లా లోపలికి చెయ్యి పెట్టింది. పైపు కోసి ఉంది. ఆ సందులో ప్లాస్టిక్ కవరు చుట్టిన నాటు పిస్టల్!

కోసిన పైపు కొసను రెండు మడతలు మడిచి, సైకిల్ ట్యూబు ముక్కతో మూడు చుట్లు చుట్టి, చివర లోపలికి దోపాడు ఎవడో. నీళ్ళు కారితే దాచిన చోటు బయటపడుతుందని కాబోలు. కానీ ఈ తోటలో అందరూ పైపుకు ప్లాస్టిక్ మూతే పెడతారు. ట్యూబు కట్టేవాణ్ణి ఆమె ఎన్నడూ చూడలేదు.

వెంటనే సూపర్‌వైజర్ భానుచందర్‌కు ఫోన్ చేసింది. బంగారుపాళ్యం మామిడి తోటల్లో పని నేర్చి పైకొచ్చిన మనిషి. నాయన శవపేటికకు భుజం పట్టిన మనిషి. ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించిన మనిషి.

"ఎవురికీ సెప్పొద్దమ్మా. గార్డెన్ మూసినాక పోలీసుల్ని పిల్చుకొస్తా. యాడుండాది అది?"

"తీసి వేరే తావులో దాచినానన్నా. నువ్వొస్తే సూపిస్తా."

ఆ తావు ఏనుగు కడుపు!

ఎదురుగా ఏనుగు. ఇరవై అడుగులు... పది...

స్టెల్లా గిర్రున తిరిగి చేతిలోని పెద్ద కత్తెర విసిరింది. కొమ్మలు కత్తిరించే కత్తెర. వాడి మొహానికి తగిలింది!

"అమ్మా!"

వాడు కళ్ళు తుడుచుకునేలోగా ఆమె ఏనుగు కిందికి దూరింది. పైపుల రిపేరుకని పొట్ట కింద జాలీ తలుపు ఉంటుంది. తీసింది. పాకింది. మూసింది.

చీకటి. తడి మట్టి వాసన. వేళ్ళకు కవరు తగిలింది. పిస్టల్ చేతికొచ్చింది. చుట్టిన కవరు విప్పసాగింది.

బయట గిరిప్రసాద్ పిచ్చెక్కినట్టు నరుకుతున్నాడు. జింక తల ఎగిరిపడింది. తర్వాత ఏనుగు కాలు... అక్కడి పైపు పుటుక్కున తెగింది. తర్వాత... ఆమె చెవి పక్కనే కొడవలి మొన!

స్టెల్లా ఊపిరి బిగబట్టింది.

కొడవలి వెనక్కి పోయింది. మళ్ళీ లేచింది.

కచక్!

ఆకుల సందులోంచి చూసింది. గిరిప్రసాద్ మెడలో ఆమె కత్తెర పిడి దాకా దిగి ఉంది! వాడు వెనక్కి తిరిగాడు. నోరు తెరిచాడు.

"నువ్వా..."

మిగతా మాట రక్తంలో గుడగుడలాడింది. దబ్బున పడ్డాడు.

వెనక భానుచందర్! ఒళ్ళంతా రక్తం మరకలు.

"స్టెల్లమ్మా! వాణ్ణి ఏసేసినా. ఇంగ బయపడొద్దు. యాడుండావు? బయటికి రామ్మా!"

స్టెల్లాకు ఏడుపు తన్నుకొచ్చింది. దేవుడు పంపినట్టే వచ్చాడు అన్న! జాలీ తలుపు మీద చెయ్యి వేసింది.

సరిగ్గా ఏడు.

మొక్కలకు నీళ్ళు వదిలే టైమర్ టక్కుమంది. మోటరు మూలిగింది. తెగిన పైపులోంచి నీళ్ళు ఫౌంటెన్‌లా లేచాయి.

"సీ! నీళ్ళన్నీ మట్టి పాలు!"

బోర్లు ఎండి ట్యాంకర్లతో తోలించే నీళ్ళు. ఒక్క చుక్క కారినా భానుచందర్ ఊరుకోడు. శవం కాళ్ళ దగ్గరున్నా సరే, వంగాడు. పైపు పట్టుకున్నాడు.

జేబులోంచి ఏదో తీశాడు.

నల్లటి సైకిల్ ట్యూబు ముక్క.

రెండు మడతలు... మూడు చుట్లు... చివర లోపలికి...

నీళ్ళు ఆగిపోయాయి.

స్టెల్లా చెయ్యి తలుపు మీద నుంచి జారింది. నాయన శవపేటిక మోసిన చేతులే... ఆ చేతులే!

"అన్నా..."

భానుచందర్ ఉలిక్కిపడి లేచాడు.

"దీంట్లో ఉండావా తల్లీ! రా, రా. తుపాకీ ఇట్లియ్యి."

"నెమలి రొమ్ములో పైపు గూడా ఇట్లే కట్టుండాది."

వాడి నవ్వు మాయమైంది. తను కట్టిన కట్టు వైపు చూసుకున్నాడు. తను ఏం చేశాడో వాడికి అప్పుడు తెలిసింది.

"మా నాయన్ని ఎందుకు సంపినావన్నా?"

"చెన్నైకి అమ్మే బొమ్మల కడుపులో ఎర్రచందనం దుంగలు పెట్టి తోలిస్తాంటి." శవం చేతిలోంచి కొడవలి లాక్కున్నాడు. "మీ నాయన సూసినాడు. నోర్మూసుకోమంటే యినలా. నువ్వూ యినేటట్టు లేవు! వీణ్ణి నీ మీదికి తోలింది నేనే, ఆనక నా పేరు సెప్తాడని ఏసేసినా!"

కొడవలి దూసుకొచ్చింది. ఇనప కమ్మీకి తగిలి నిప్పులు రాలాయి. రెండో వేటు... స్టెల్లా ఎడమ భుజం చీరుకుపోయింది! పళ్ళు బిగించింది. అరవలేదు.

"రెండు ట్యూబు ముక్కలే కదమ్మే! నిన్నేసి పీకేస్తే పాయె! సాక్ష్యమేముండాది?"

మూడోసారి కొడవలి పైకి లేచింది.

స్టెల్లా కవరు విప్పినప్పుడే చూసింది, పిస్టల్‌లో ఇంకో గుండు ఉంది. ఆకుల సందులోకి గొట్టం పెట్టింది. నాయనకు గుండు తగిలింది రొమ్ములోనే. వాడి రొమ్ముకే గురి చూసింది.

"పీకలేవన్నా!"

ఢాం!