ఎర్ర విండో రాని రోజు

కంప్యూటరు మీట నొక్కి, కుసుమకుమారి టీ గ్లాసుతో ఎదురుగా కూర్చుంది. మామూలుగా అయితే ఈపాటికి తెర నిండా సంత మొదలయ్యేది. పాటలు పాడతానని ఒక విండో, జాతకం చెబుతానని మరొకటి, ఫోటోలకు రంగులు మారుస్తానని ఇంకొకటి. ఉండుండి ‘ప్రమాదం, ప్రమాదం’ అని ఎర్రగా మెరుస్తూ బెదిరించేది కూడా ఒకటి. పిలవని పేరంటానికి వచ్చినట్టు అన్నీ వచ్చి కూర్చునేవి. ఇవాళ మూసేస్తే రేపు మళ్లీ హాజరు.

ఇవన్నీ ఆమె భర్త గోవింద్ ఘనకార్యాలు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆ మహానుభావుడికి ఇంటర్నెట్‌లో ‘ఉచితం’ అని కనిపిస్తే చాలు, ఎక్కించేయాల్సిందే. అవస్థ మాత్రం కుసుమది. ముందు గదిలో జెరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు చూసుకునేది ఆమె కదా! మొన్న హైస్కూలు మాస్టారు నారాయణమూర్తి గారు కూతురి హాల్‌టికెట్టు కోసం వచ్చి నిలబడి ఉండగా, ఏదో ఆట తాలూకు విండో ఒంటి మీద సరిగా బట్ట లేని బొమ్మతో తెర నిండా తెరుచుకుంది. పాపం మాస్టారు గోడ మీది కేలెండరు వైపు తిరిగిపోయారు. కుసుమకు తల కొట్టేసినట్టయింది.

నిన్న సాయంత్రం ఇక తాడోపేడో తేల్చుకోవాలని కూర్చుంది. గరివిడిలో చదువుకునే రోజుల్లో నేర్చుకున్నది గుర్తు తెచ్చుకుని, రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, స్టార్టప్ ట్యాబు తెరిచింది. ఒక్కోదాని పేరు చదివి టిక్కు తీసే ఓపిక ఎవరికుంది? ‘డిసేబుల్ ఆల్’ నొక్కేసి, యాంటీవైరస్‌కు మాత్రం మళ్లీ టిక్కు పెట్టింది. పీడా విరగడైంది అనుకుంది.

ఈ రోజు తెర కడిగిన పలకలా ఉంది. ఆమె మురిసిపోతుండగానే మావ నూకయ్య తలకు తువ్వాలు చుట్టుకుంటూ వచ్చి, రోజూలాగే గుమ్మంలో ఆగి తెర వైపు ఒక చూపు చూశాడు. ‘చూశావా మావా, ఎంత శుభ్రం చేశానో’ అనాలని నోటిదాకా వచ్చింది కానీ మింగేసింది. సముద్రం మీద చేపల వేటకు బయలుదేరిన మనిషిని ఆ ఇంట్లో ఎవరూ పలకరించరు. ఎక్కడికని అడగరు, వెనకనుంచి పిలవరు. పిలిస్తే కీడని నమ్మకం. నూకయ్య తల ఊపి వెళ్లిపోయాడు.

కాసేపటికి గోవింద్ ఫోను చేశాడు.

“కుసుమా, నాయన ఇంటికాడే ఉన్నాడు గదా?”

“ఏటకి ఎల్లిపోనాడు బావా. ఏటయినాది?”

“ఎల్లిపోనాడా! ఎర్ర విండో రాలేదేటి? తుపాను ఎచ్చరిక ఉన్నాదంట. ఇక్కడ రేవులో ఒక్క పడవా దిగలేదు!”

“ఏ ఎర్ర విండో?”

“మన జాలర్ల సొసైటీ వోలు ఎక్కించినారు గదే! పెనుగాలుంటే ఎర్రగా వస్తాది, లేపోతే రాదు. నాయనకి సదువు రాదు, ఆ రంగు సూసుకునే ఎల్తాడు. మన వాడలో నాలుగు పడవలూ ఆయన దిగితేనే దిగుతాయి!”

ఎర్రగా మెరిసేది కూడా అబద్ధపు బెదిరింపేనని కుసుమ దాన్ని ఏనాడూ చదవకుండానే మూసేసింది.

“అన్నీ ఆపేసినాను బావా...”

“ఎవులు ముట్టుకోమన్నారే నిన్ను? అడగొద్దా?”

ఆ మాటతో భయాన్ని మించి కోపం తన్నుకొచ్చింది.

“నన్నంటావేటి? ఊళ్లో సెత్తంతా తెచ్చి నా నెత్తిన పోసినోడివి నువ్వు! ఆ సెత్తలో మావ పేనం ఉన్నాదని ఒక్క ముక్క సెప్పినావా? నువ్వూ సెప్పవు, ఆయనా సెప్పడు, నాను కల కనాలేటి?”

ఫోను పడేసి పరిగెత్తింది. పెరట్లో చేపలు ఎండబెడుతున్న అత్త బుల్లమ్మకు ఆ మాటలన్నీ వినబడ్డాయి. లబోదిబోమంటూ కోడలి వెనకే ఉరికింది. కోడలంటే పరాయిది కాదు, అన్న కూతురే.

ఒడ్డున మూడు పడవలు సిద్ధంగా ఉన్నాయి. నూకయ్య పడవను అప్పటికే నడుం లోతు నీళ్లలోకి తోస్తున్నారు. సముద్రం చూస్తే ఏమీ ఎరగనట్టుంది. కుసుమ గొంతెత్తబోయేసరికి బుల్లమ్మ ఆమె నోరు గట్టిగా మూసేసింది.

“వొద్దే! ఎనకనుంచి పిలవకూడదే తల్లీ, కీడే!”

“కీడు ముందరున్నాది అత్తా! వొదులు!” చేయి విదిలించుకుని కుసుమ అరిచింది. “మావా! ఆగు మావా! ఎనక్కొచ్చీ!”

పడవ తోసేవాళ్ల చేతులు ఆగిపోయాయి. నూకయ్య తడి పంచెతో ఒడ్డుకొచ్చాడు. కళ్లు నిప్పులు కక్కుతున్నాయి.

“బుద్దున్నాదా నీకు? ఏటకెల్లేవోడిని పిలుస్తావా?”

“నాకున్నాది. నీకూ నీ కొడుక్కూ లేదు! ఎర్రది రాకుండా ఆపేసింది నానే. అది దేనికో ఒక్కరైనా సెప్పినారా నాకు? తుపానొస్తన్నాది మావా!”

“ఈ ఆకాశం సూస్తే తుపానులాగ కనపడతన్నాదా?”

అతని జట్టు మనిషి అప్పలసూరి తెడ్డు పడవలోకి విసిరేశాడు. “ఉన్నా లేకున్నా, ఆడకూతురు పిలిసేసినాక ఇంకేటి దిగుతాం మావా? ఈయేలటికి అయిపోనాది.”

తుపాను మాట ఒక్కడూ నమ్మలేదు. వెనక పిలుపుకు భయపడి ఆగారంతే. కుసుమను తిట్టుకుంటూ నాలుగు పడవలనూ పైకి లాగారు.

మధ్యాహ్నం తిరిగేసరికి గాలి లేచింది. చీకటి పడకముందే ఇళ్ల పెంకులు ఎగిరాయి, పడవలను ఇంకా పైకి లాగి కొబ్బరి చెట్లకు కట్టాల్సి వచ్చింది. తడిసి ముద్దై ఇల్లు చేరిన గోవింద్ భార్య మొహం చూడలేక నిలబడ్డాడు.

“నాదే తప్పు కుసుమా.”

“నీదే. కరెంటొచ్చినాక నువ్వు ఎక్కించిన సెత్తంతా నీ సేత్తోనే తియ్యి. ఆ ఎర్రదొక్కటే ఉండాల.”

అరుగు మీంచి నూకయ్య నెమ్మదిగా అన్నాడు. “అది ఉంటే ఉన్నాది గానీ, రేపట్నుంచి నాను గుమ్మం దాటకముందే నువ్వు నోటితో సెప్పమ్మా. కీడూ గీడూ నాను సూసుకుంటాను.”

వంటింట్లో బుల్లమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. అన్నం మాడుతున్నా కదలడం లేదు. కుసుమ గిన్నె దించబోతే ఆ చేయి పట్టుకుంది.

“నీ నోరు మూసినాను గదే. నువ్వు ఇదిలించుకోకపోతే... నాను పిలిసుండేదాన్ని కాదే. ఒడ్డున నిలబడి సూస్తా సూస్తా ఆయన్ని పంపేసుండేదాన్ని!” అని భోరుమంది.

పొద్దుటినుంచీ రగులుతున్న కోపమంతా కుసుమ కళ్లలోంచి కారిపోయింది. అత్త తలను గుండెకు పొదువుకుని, “నువ్వూ పిలిసేదానివే అత్తా” అంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. అయినా బుల్లమ్మ ఆ మాటనే మళ్లీ మళ్లీ అనమంది, కుసుమ అంటూనే ఉంది.