కుట్టుకొట్లో వెలుగు

చీకటి పడ్డాక ఆ సందు చివరి కుట్టుకొట్టు ముందు నుంచి ఎవరూ నడవరు. కొట్టు నడిపిన టైలరమ్మ — నాకు పిన్ని వరస — పోయి రెండేళ్లయింది. షట్టరు దించే ఉంటుంది. అయినా కొన్ని రాత్రుళ్లు దాని కింద నీలం వెలుగు... లోపల మిషను తొక్కుతున్న చప్పుడు.

ఆవిడ పెద్దకూతురు నర్సు. ఈ మాటలకి పైకి నవ్వేసేది. లోపల మాత్రం ఒక భయం ఉంది. ఫోన్లో తను ఏ ఫోటో పెట్టినా, తెల్లారేసరికి దాని కింద ఒక లైకు. పేరు — అమ్మ.

అమ్మ ఫోను కొట్టు సొరుగులో పెట్టి, తాళం వేసింది తనే.

ఎవరితో చెప్పుకుంటుంది? ఉన్న ఒక్క చెల్లెలితోనూ మాటల్లేవు. అమ్మ ఆఖరి ఘడియకి అది రాలేదని, ఆ రోజే దాన్ని ఫోన్లో బ్లాక్ చేసి పారేసింది.

మొన్న డ్యూటీ దిగి వస్తుంటే ఆ చప్పుడు తన చెవినే పడింది. భయం కన్నా ముందు ఒళ్లు మండింది. దేవుణ్ణి తలుచుకుని, వీధిలోనే నిలబడి, ఆ షట్టరు ఫోటో తీసి పెట్టింది.

లోపల మిషను ఆగింది.

చేతిలో ఫోను వణికింది. అమ్మ — లైకు.

షట్టరు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

మిషను ముందు చెల్లెలు. కాలు పెడలు మీద, ఒళ్లో అమ్మ ఫోను.

"సిగ్గులేదుటే? తాళం నీకెక్కడిది?"

"అమ్మ నీ ఒక్కదానికే ఇచ్చిందనుకున్నావా?"

"అమ్మ పేరుతో ఆటలా?"

"నువ్వు బ్లాక్ చేసింది నన్ను. అమ్మని కాదుగా." గొంతు పెంచలేదు. "నీ మొహం ఇంకెలా చూడమంటావు? బస్సు చెడిపోయి గంట ఆలస్యమయ్యానక్కా. ఎందుకని అడిగావా?"

అక్కకి కోపం ఇంకా పెరిగింది.

"రెండేళ్లు నన్ను చంపుకుతిన్నావు కదే. నాకు పాప పుట్టినప్పటి ఫోటోకైతే నిమిషంలో లైకు. అమ్మే చూసిందని ఎంత ఏడ్చానో..."

చెల్లెలు తలెత్తింది.

"పాప ఫోటోకా... దానికి నేను పెట్టలేదే."

"మళ్లీ అబద్ధం."

"నాకు కబురైనా చెప్పలేదని మండిపోయి, ఆ నెలంతా కొట్టువైపే రాలేదు. ఫోను ఈ సొరుగులోనే ఉంది... చార్జింగ్ కూడా లేదు."

ఇద్దరూ ఫోను వంక చూశారు.

అక్క మెల్లగా వచ్చి చెల్లెల్ని ఆనుకుని కూచుంది. కోపం పోయి కాదు — ఆ సందులో ఒంటరిగా నడిచి వెళ్లే ధైర్యం లేక.