ఆపరేషన్ కరెంట్ అకౌంట్

"వాన వచ్చేలా ఉంది."

"గొడుగు రిపేరుకిచ్చాను."

తలుపు తెరుచుకుంది. కోడ్ సరిపోయింది కాబట్టి తూనీగ చేతిసంచిలోని పిస్టల్ మీంచి వేలు తీసేసింది. డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఆమె పేరు అదే, తూనీగ.

ఉదయం పదిన్నర. మెట్ల పక్కన అద్దెకు తీసుకున్న చిన్న గది. రంగు వాసన ఇంకా పోలేదు. ఒక టేబుల్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక లాప్‌టాప్, గోడకి ఆనించిన కొత్త బోర్డు: 'చల్లగాలి ఏసీ సర్వీసెస్'.

లాప్‌టాప్ ముందు కూర్చున్న మనిషిని డిపార్ట్‌మెంట్ అంతా హీరో అంటుంది. నలగని తెల్ల సూటు, మనిషి కంటే ముందు గదిలోకొచ్చే సెంటు వాసన. తూనీగ మాత్రం అన్నయ్యా అంటుంది. తొమ్మిదేళ్ల కిందట ఆమెకి గురిపెట్టడం నేర్పింది అతనే. హార్బర్‌లో ఆమె భుజంలోకి తూటా దిగిన రోజున వీపున వేసుకుని రెండు మైళ్లు పరిగెత్తిందీ అతనే.

"కూర్చో అమ్మాయ్. బ్రీఫింగ్ రెండు నిమిషాలే. రాడార్ రీసెర్చ్ సెంటర్ మీద విదేశీ ముఠా ఒకటి కన్నేసింది. ఏసీ మెకానిక్కుల వేషంలో లోపలికి దూరబోతున్నారు. అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్. ఏసీ గొట్టంలో అతికిస్తే చాలు, మన రాడార్ ఫ్రీక్వెన్సీలన్నీ సముద్రం అవతలికి పోతాయి."

"మన ప్లాన్?"

"వాళ్లకంటే ముందు మనమే ఏసీ కంపెనీ పెట్టి ఆ కాంట్రాక్టు కొట్టేస్తాం. కంపెనీకి బ్యాంకులో బిజినెస్ అకౌంట్ ఉండాలి. అకౌంట్ ఉంటేనే సెంటర్ వాళ్లు వెండర్ నంబరిస్తారు. ఆ నంబరుంటేనే గేట్ పాస్."

"ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదే. అసలు పేరు, అసలు కాయితాలు, అసలు మొహం. దొంగ కాయితాలైతే బ్యాంకు కంప్యూటర్ ఇట్టే పట్టేస్తుంది. ఈసారి నీ మారువేషం నువ్వే."

తూనీగకి ఆ మాట నచ్చింది. అయినా అడిగింది. "పెద్దాయన చెవిన ఓ మాట వేస్తే?"

పెద్దాయనంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. హీరో తల అడ్డంగా ఊపాడు. "ఆఫీసులో లీకుంది. ఈ సంగతి ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలీదు. ఫోన్లు కూడా వద్దన్నాడు. ఏం, నా మీద నమ్మకం లేదా?"

తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తూనీగ కుర్చీ ముందుకి లాక్కుంది.

శత్రువుల ఖజానా తెరవడమే తేలికనిపించింది ఆమెకి. గుర్తింపు కార్డు ఫోటో మీద వెలుగు పడిందని ఒకసారి, అంచు తెగిందని ఒకసారి వెనక్కొచ్చింది. తెల్లకాయితం మీద సంతకం చేసి స్కాన్ పంపితే, గీత సన్నగా ఉందట. ఓటీపీ వచ్చేలోపు పేజీ టైమవుట్. హీరో మాత్రం విసుక్కోలేదు. 'వ్యాపారానికి అసలు యజమాని ఎవరు?' అన్న గడిలో ఆమె పేరు తనే టైప్ చేశాడు, ఒక్క అక్షరం తప్పు పోకుండా.

చివరికి బ్యాంకు నుంచి వీడియో కాల్ మోగింది.

"నేను కెమెరాలో పడకూడదు. టీ తెస్తా." హీరో బయటికి జారుకున్నాడు.

స్క్రీన్ మీద జలుబుతో ముక్కు ఎర్రబడ్డ బ్యాంకు ఆఫీసరమ్మ ప్రత్యక్షమైంది.

"నమస్తే మేడం. గదిలో మీరొక్కరే ఉన్నారా?"

"ఒక్కదాన్నేనండీ."

"ఈ ఖాతా తెరవమని ఎవరైనా బలవంతపెట్టారా?"

"అబ్బే, లేదండీ."

"మీ బోర్డు చూపించండి. ఆ, సరే. ఈ మెయిల్ ఐడీ మీ పేరుతో లేదేంటి? యజమాని సొంత మెయిలే కావాలి. రూలండీ, ఏమనుకోకండి."

తూనీగ తన మెయిల్ చెప్పింది. ఆఫీసరమ్మ తుమ్మి, మార్చి, అభినందనలు చెప్పి వెళ్లిపోయింది. మెయిల్ మార్పు హీరోకి చెప్పాలని కూడా తూనీగకి తోచలేదు. అదో విషయమా?

"అయిందా?" టీ కప్పులతో వచ్చాడు హీరో.

"అయింది."

అతను ఆమె తల నిమిరాడు. "ఇంటికెళ్లి పడుకో. వారం దాకా నీకు పనిలేదు."

మధ్యాహ్నం మూడూ నలభై. తూనీగ ఫోన్ టింగుమంది. రాడార్ సెంటర్ నుంచి మెయిల్. బ్యాంకు పంపిన వివరాల్లో ఇప్పుడు ఆమె ఐడీయే ఉంది మరి.

'మీరు గత నెల పెట్టుకున్న దరఖాస్తు, బ్యాంకు ఖాతా వివరాలు అందడంతో ఆమోదం పొందింది. ఈ రోజు నాలుగు గంటలకి మీ టెక్నీషియన్లు ముగ్గురికి గేట్ పాస్. ఖాతా చెల్లుబాటులో ఉన్నంతవరకే పాస్ పనిచేస్తుంది.'

గత నెలా? కింద మూడు ఫోటోలున్నాయి. మొదటివాడికి ఎడమ చెవి సగమే ఉంది. మిగతా సగం హార్బర్‌లో తూనీగ తూటాకి ఎగిరిపోయింది. ముఠా మనిషి!

ఆమెకి ముందు భయమేసింది అన్నయ్య గురించే. ఆపదలో ఉన్నాడేమో! ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. స్విచాఫ్. మాట తప్పి పెద్దాయనకి చేసింది.

"ఏసీ కంపెనీయా? నేను ఏ ఆపరేషనూ ఇవ్వలేదమ్మా. వాడు పదిహేను రోజులుగా సెలవులో ఉన్నాడు. చెల్లెలి పెళ్లన్నాడే!"

"అతనికి చెల్లెళ్లు లేరు సార్." నేను తప్ప, అనబోయి ఆగిపోయింది.

పెద్దాయన ఇంకో ఫోన్ తిప్పాడు. "మనవాళ్లు అక్కడికి చేరాలంటే అరగంట పడుతుంది. గేటు లైన్ ఎంగేజొస్తోంది. నీ చేతిలో ఏముంది?"

"అకౌంట్ ఉంది సార్."

బ్యాంకు యాప్ తెరిచింది. 'ఖాతా స్తంభింపజేయండి' నొక్కింది. మూడూ యాభై ఆరు.

'ఇది మీరేనని నిర్ధారించాలి. కెమెరా వైపు చూడండి.' చూసింది. 'కుడికి తిరగండి.' తిరిగింది. 'నవ్వండి.'

పెదాలు కదల్లేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం ధారకట్టాయి.

'ముఖం సరిపోలలేదు. మళ్లీ ప్రయత్నించండి.'

మళ్లీ ప్రయత్నించింది. పళ్లు కనిపించాయి గానీ అది నవ్వు కాదని యంత్రానికి కూడా తెలిసిపోయింది. 'ఇదే చివరి ప్రయత్నం.'

మూడూ యాభై తొమ్మిది. మెడ మీద కత్తి పెట్టినవాడి ముందు కూడా నవ్వగలిగిన మనిషి ఆమె. అదెలాగో నేర్పిందీ అన్నయ్యే. కళ్లతో మొదలుపెట్టు అమ్మాయ్, పెదాలు వాటంతటవే వస్తాయి అనేవాడు. అరచేత్తో మొహం తుడుచుకుంది. కళ్లతో మొదలుపెట్టింది.

'ధన్యవాదాలు. మీ ఖాతా స్తంభించింది.'

సెంటర్ గేటు దగ్గర సగం లేచిన అడ్డకర్ర టక్కున ఆగి కిందికి దిగింది. స్కానర్ మీద ఎర్రదీపం. సెంట్రీలు వ్యాన్ చుట్టూ తుపాకులెత్తారు. సగంచెవివాడి స్పానర్ల పెట్టె అడుగున అగ్గిపెట్టెంత ట్రాన్స్‌మిటర్ దొరికింది.

తూనీగ వెళ్లేసరికి వ్యాన్ డ్రైవర్‌ని గేటు గదిలో బెంచీకి బేడీలేసి కూర్చోబెట్టారు. ఖాకీ చొక్కా, ఒక పక్క ఊడిన పెట్టుడు మీసం. సెంటు వాసన మాత్రం మారలేదు.

"నన్నే ఎందుకు ఎంచుకున్నావ్?" అడిగింది.

"నువ్వైతే ఏమీ అడగవని."

"హార్బర్‌లో నన్ను మోసుకుని పరిగెత్తావే. అప్పుడు మనవాడివేనా?"

"అప్పుడు మనవాణ్నే, అమ్మాయ్."

నిజమే కావచ్చు. కాకపోవచ్చు. ఆ ఒక్కటీ నమ్మాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంది. నమ్మడం చేతకాలేదు. బయటికొచ్చి తలుపు మూసింది.

నాలుగు రోజుల తర్వాత బ్యాంకు కస్టమర్ కేర్ నుంచి ఫోనొచ్చింది.

"ఖాతా మూసేస్తున్నారట మేడం. మా సర్వీసులో ఏమైనా లోపమా?"

"లేదండీ. బాగానే ఉంది."

"థాంక్యూ మేడం. చివరి ప్రశ్న. మీరు బాగా నమ్మే స్నేహితులకీ బంధువులకీ మా బ్యాంకుని సిఫార్సు చేస్తారా?"

"తప్పకుండా చేస్తానండీ," అంది తూనీగ. "ముందు అలాంటివాళ్లు ఒకరు దొరకనివ్వండి."