ఐదో వరుస

"శుక్రవారంలోగా ఆ రాయి దేశం దాటేస్తుందట ముక్బిల్. ఆపు," అన్నాడు నిఘా విభాగం కల్నల్ జుబైర్.

ముక్బిల్‌కి ఆ రాయి కొత్త కాదు. ఎడారి అంచున మారిబ్ దగ్గర తన ఊరివాళ్ళ కాలువ తూము గోడలోనే ఉంది. ఎప్పటి సబా రాజో తూము కట్టించి, ఆ సంగతి ఎనిమిది వరుసల్లో చెక్కించాడు. ఆ రాత చదవగలిగినవాడు ఇప్పుడు ఆ ఊళ్ళలో ఒక్కడూ లేడు. అయినా మాట దానిదే. వరద ఐదో వరుసను తడిపితే ఎగువ ఊరి వంతు చెల్లినట్టు, ఇక నీళ్ళు దిగువకే. రాయి పోతే మిగిలేవి తుపాకులు. ముక్బిల్ పుట్టింది దిగువ ఊళ్ళో, చెల్లెల్ని ఇచ్చింది ఎగువ ఊళ్ళో.

మత్తు కోసం నమిలే ఖాత్ ఆకు అమ్మేవాడి వేషం కట్టాడు. ఆకు కట్టల కింద వైర్‌లెస్ సెట్.

తూము దగ్గర నల్లకళ్ళద్దాలతో రూలా నిలబడి ఉంది. విదేశీ నిపుణుడు డాక్టర్ క్రాంజ్‌కి దుబాసీ, రాళ్ళు దేశం దాటించే అతని ముఠాలో జుబైర్ పెట్టిన మనిషి.

"ఆకు నిన్నటిదా?"

"పొద్దున కోసిందేనమ్మా."

కోడ్ కలిసింది. "రాయి ఇక్కడే ఉంది, చూసుకో. డాక్టర్ తీసుకెళ్ళేది ప్లాస్టర్ నకలు, దానికి పర్మిట్ ఉంది," అని గొణిగి ట్రక్కెక్కేసింది. ట్రక్కు కదిలిపోయింది.

హమ్మయ్య అనుకున్నాడు ముక్బిల్. ఆ రెండూళ్ళ మగవాళ్ళందరికీ ఉన్న అలవాటే, నడుమునున్న వంకర కత్తి తీసి రాయి అంచు మీద సానపట్టాడు. చెయ్యంతా తెల్లటి పిండి! గోడలో ఉన్నదే ప్లాస్టర్ నకలు.

"ఓరి మీ ఇల్లు బంగారంగానూ!" అని అరిచాడు ముక్బిల్.

తూము కాపలాదారు దైఫల్లా మామ తల బాదుకున్నాడు. "నిన్న మధ్యాహ్నం ఆ దుబాసీ పిల్ల మాకు ఖాత్ విందు పెట్టిందిరా! సాయంత్రందాకా ఒక్కడూ గడప దాటలేదు." ఇంతలో కొండల మీద ఉరిమింది. "గంటన్నరలో వరదొచ్చేస్తుంది, పరిగెత్తు!"

వాగు రేవు దగ్గర, ఆకు కట్టలు తెచ్చిన జీపు అడ్డం పెట్టి ట్రక్కును ఆపాడు ముక్బిల్. క్రాంజ్ కాగితం ఊపాడు. రేవు సిపాయి చదివి, "ముద్ర సరిగ్గానే ఉందన్నా, దారియ్యి," అన్నాడు.

ముక్బిల్ ట్రక్కెక్కి పెట్టె మూత పెకలించాడు. లోపలంతా తెల్లటి ప్లాస్టరే. అయినా కత్తి దూసి అంచు మీద బలంగా గీశాడు. పైపూత ఊడింది, కింద అసలు రాయి తగిలి నిప్పురవ్వలు లేచాయి.

మెడకి చల్లగా పిస్తోలు తగిలింది. "దిగు," అంది రూలా.

సిపాయి ఆమె వైపు తుపాకీ ఎత్తాడు. రూలా ఒక్క క్షణం ఆలోచించి, పిస్తోలు క్రాంజ్ వైపు తిప్పింది. "ఎంతైనా నేను మీ మనిషినే కదా!"

"అవును, ఇప్పుడే అయ్యావు," అంటూ ముక్బిల్ పిస్తోలు లాక్కున్నాడు.

తూము దగ్గరికి తిరిగొచ్చి, గోడలోని నకలును కాలువలోకి తోసి, ఊరివాళ్ళు ఎనిమిదిమంది కలిసి అసలు రాయిని గోడలోకి ఎక్కించారు. ఆఖరి మేకు దిగుతుండగానే ఎర్రనీళ్ళు విరుచుకుపడ్డాయి. ఒకటి, రెండు, మూడు అంటూ రెండూళ్ళవాళ్ళూ కింది నుంచి వరుసలు లెక్కపెట్టారు. ఐదు తడిసింది. మామ ఎగువ కాలువ తలుపు దించాడు. నీళ్ళు దిగువకు మళ్ళాయి. ఎగువ గట్టు మీద చెల్లెలు చెయ్యూపింది. ముక్బిల్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

వైర్‌లెస్‌లో జుబైర్ గొంతు గురగురలాడింది. "క్రాంజ్ గోల పెడుతున్నాడయ్యా, తన నకలు తనకిమ్మంటున్నాడు. పర్మిట్ ఉందట."

"ఉంది సార్, కాదనలేం. కాలువలో కరుగుతోంది, బిందె తెచ్చుకుని ముంచుకుపొమ్మనండి."